అవ్వ లేచే సీను

ఆ వానాకాలమంతా మా అమ్మ కుర్చీలోంచి లేస్తుంటే చూడ్డమే మా ఇంటిల్లిపాదికీ పని. అన్నయ్య చూసి గీసేవాడు. తను గీసిన బొమ్మకీ బొమ్మకీ మధ్య రావలసిన బొమ్మలు నేను గీసేదాన్ని. వదిన కుట్టుమిషను ఆపి మరీ చూసేది. వానలు వెనకబట్టేసరికి బొమ్మలు మిగిలాయి, అమ్మ మిగల్లేదు. చివరిదాకా దాచిపెట్టి చెప్పే కథ కాదిది, అందుకే ముందే చెప్పేశాను.

అన్నయ్యా నేనూ పనిచేసే స్టూడియో అంటే ఏదో పెద్దది అనుకునేరు. చెప్పుల దుకాణం పైన మూడు గదులు. మెట్లెక్కుతుంటే తోలు వాసన, లోపలికి వెళ్తే పెన్సిళ్ళు చెక్కిన పొట్టు వాసన. ఒక్కొక్కరికీ ఒక వాలుబల్ల, దాని మధ్యలో పాలరంగు అద్దం, అద్దం కింద దీపం. కాగితం మీద కాగితం పెడితే కింది బొమ్మ పైకి కనపడుతుంది. దానికి వెంట్రుకవాసి తేడాతో పైకాగితం మీద ఇంకో బొమ్మ గీస్తాం. అన్నయ్యలాంటి పెద్ద చేతులు మనిషి కూర్చున్న బొమ్మ, నిలబడ్డ బొమ్మ, నడుమ ముఖ్యమైనవి కొన్ని గీసి ఇచ్చేస్తాయి. ఆ కూర్చున్న మనిషి నిలబడేదాకా ఒళ్ళు పడే అవస్థంతా నాలాంటివాళ్ళు గీయాలి. పేరు వాళ్ళది, చాకిరీ మాది.

ఏళ్ళ తరబడి మేం చేసిందల్లా సబ్బులకీ బిస్కెట్లకీ కాళ్ళూ చేతులూ తగిలించి టీవీలో గంతులేయించడమే. అలాంటిది ఆ ఏడు మా డైరెక్టరుగారు సినిమా తీస్తానన్నారు. పూర్తి సినిమా, అదీ మొత్తం చేత్తో గీసి. ఆయన చేతిలో పెన్సిలు కన్నా రబ్బరే ఎక్కువ కనపడేది కనక మేమంతా చాటుగా రబ్బరు సారు అనుకునేవాళ్ళం. ఆ సంగతి ఆయనకి తెలుసు, తెలియనట్టే ఉండేవారు.

కథ కూడా ఆయనే అల్లుకున్నారు. అనగనగా ఒక ఊరు. ఆ ఊరి నిద్రనంతా ఒక రాక్షసుడు మూటగట్టి కొండమీదికి ఎత్తుకుపోతాడు. పసిపిల్లల దగ్గర్నుంచి కాపలా కుక్కల దాకా ఎవరికీ రెప్ప పడదు. వీరులూ శూరులూ బయల్దేరతారు, సగం దారిలో తూలుకుంటూ వెనక్కొస్తారు. ఆఖరికి ఒక అవ్వ, "నాకెలాగూ నిద్ర పట్టదు, నా దగ్గర వాడు దోచుకునేదేముంది" అని కర్ర కూడా లేకుండా కొండెక్కుతుంది. అంతే కథ. మాకు వినగానే నచ్చింది. మాకు నచ్చితే ఏం లాభం, లోకానికి నచ్చొద్దూ.

పేపర్లో చిన్న ప్రకటన వేశారు. కొండ కింద వీపు చూపిస్తూ అవ్వ, పైన పెద్ద ఆకాశం. ఆ బొమ్మని ఫోన్లలో కూడా పెట్టారు. ఇంక చూడండి, తలా ఒక మాట. చేత్తో గీసిన సినిమా చూసి ఎన్నాళ్ళయిందో, మా పిల్లల్ని తీసుకెళ్తాం అని కొందరు. చేత్తో ఏం కాదు, కంప్యూటరులో చేసి చేత్తో అని చెప్పుకుంటారు, అంతా మాయ అని కొందరు. ముసలమ్మ హీరోయిన్ అయితే పిల్లలొస్తారా అని ఒకడు, పిల్లలు రాకపోయినా ముసలమ్మలొస్తారులే అని ఇంకొకడు. అమ్మ రోజూ ఇవన్నీ మాచేత పైకి చదివించుకునేది.

"తిట్టినవి ఎగరగొడుతున్నావు. అవి కూడా చదువు" అనేది నాతో.

"తిట్లు ఎందుకమ్మా నీకు?"

"తిట్టేవాళ్ళే ముందొచ్చి టిక్కెట్టు కొనుక్కుంటారే. వాళ్ళ మాట నిజమో కాదో తేల్చుకోవాలని ఉంటుంది."

సినిమా కొనేవాళ్ళకి మాత్రం అంత నమ్మకం లేదు. వానలు తగ్గేలోపు అవ్వ సీన్లు కొన్ని గీసి చూపించండి, చూసి చెప్తాం అన్నారు. వాళ్ళు ఊఁ అంటే సినిమా, ఊహూఁ అంటే వాలుబల్లలన్నీ ఎవరికైనా ఇచ్చేసి కంప్యూటర్లు తెచ్చుకోవడమే. అవ్వని రబ్బరు సారు మా అన్నయ్య చేతిలో పెట్టారు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో సబ్బు కాకుండా మనిషిని గీయమని తనకి ఇవ్వడం అదే మొదలు. ఇంటికొచ్చి ఆ మాట చెప్పినప్పుడు తన మొహం చూసి వదిన, "ఇంతలా మా పెళ్ళిచూపుల్లో కూడా నవ్వలేదు" అంది.

మొదటి సీనులో అవ్వ ఇంటి ముందు కుర్చీలోంచి లేచి బయల్దేరాలి. అన్నయ్య గీశాడు, నేను నింపాను, కాగితాల కట్ట సారు చేతికిచ్చాం. వేళ్ళ మధ్య రెపరెపలాడిస్తే బొమ్మ కదుల్తుంది. ఆయన ఆడించి చూశారు, మళ్ళీ చూశారు.

"ఈవిడ ముసలమ్మా, ముసలమ్మ వేషం కట్టిన కాలేజీ పిల్లా?"

"నడుం వంచాను కదండీ" అన్నాడు అన్నయ్య.

"నడుం వంచితే ముసలితనం రాదయ్యా. లేవాలా, వద్దా, లేస్తే నిలబడతానా అని లోపల ఒక తర్జనభర్జన జరుగుతుంది వాళ్ళకి. అదేదీ ఇందులో?"

అంటూనే జేబులోంచి రబ్బరు తీశారు. మధ్యాహ్నానికల్లా అవ్వ తుడిచిపెట్టుకుపోయింది, బల్లంతా రబ్బరు తుక్కు.

ఆ సాయంత్రం అన్నయ్య ఇంట్లో నిలువుటద్దం ముందు కుర్చీ వేసుకుని, తనే మూలుగుతూ కూర్చోవడం, మూలుగుతూ లేవడం. వదినా నేనూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతున్నాం. అమ్మ కిటికీ దగ్గర్నుంచి చూసి, "ఎవరికిరా నడుం పట్టేసింది?" అంది.

"అవ్వకి. అమ్మా, ఒక్కసారి నువ్వు లేచి చూపించవా?"

"ఎక్కడికెళ్ళడానికి?"

"ఎక్కడికీ కాదు, ఊరికే."

"ఊరికే ఎవరు లేస్తార్రా? పనుంటే లేస్తారు."

అన్నయ్య ఆ మాట పట్టుకున్నాడు. తరవాత చేతుల్లేని చెక్కకుర్చీ తెచ్చి గది నడుమ వేశాడు. వీడియో తీయడానికి ఫోను పుస్తకాల దొంతర మీద ఆనించాడు. "సరే, ఊరంతా నిద్ర లేక ఏడుస్తోంది. వీరులూ శూరులూ అయిపోయారు. ఇంక నువ్వే వెళ్ళాలి. లే" అన్నాడు.

అమ్మ కూర్చుంది. కిటికీలోంచి ఎదురుగా కొండ ఉన్నట్టే చూసింది. కుడిచెయ్యి మోకాలి మీద పెట్టి, ముందుకి వంగి, లేవబోయింది. నాకు అలవాటైన పని, వెళ్ళి చెయ్యి అందించాను.

"నువ్వు పట్టుకోకే" అన్నాడు అన్నయ్య. "బరువంతా నీ చేతిమీదికి పోతే ఇంక నేనేం గీయను? కొండమీద అవ్వకి చెయ్యిచ్చేవాళ్ళెవరున్నారు?"

"వాడి మాట విను" అంది అమ్మ కూడా. "పక్కకి పో. నా సీన్లోకి రాకు."

అందరం పగలబడి నవ్వాం. అమ్మ మళ్ళీ కూర్చుని, తనంతట తను లేచింది. ఆ రోజు నుంచి మా ఇంట్లో అమ్మకి చెయ్యి అందించడం మానేశాం. ఫోను పెట్టినప్పుడే కాదు, మామూలప్పుడు కూడా. ఎందుకంటే అన్నయ్య కళ్ళు ఎప్పుడూ అటే ఉండేవి. టీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా, అమ్మ మంచం మీంచి ఎలా దిగుతోందో, గడప ఎలా దాటుతోందో చూసేవాడు. ఎవరైనా అడ్డం వెళ్తే విసుక్కునేవాడు.

ఒక్కటి మాత్రం చెప్పాలి. అమ్మ అంత సంతోషంగా ఉండగా నేను చాలా ఏళ్ళలో చూడలేదు. నాన్న పోయాక అమ్మని ఎవరం ఏమీ అడగలేదు, తిన్నావా, పడుకున్నావా అని తప్ప. ఇప్పుడు రోజు తెల్లారితే అమ్మతో పని. తల దువ్వుకుని, ఉతికిన బట్టలు కట్టుకుని, పొద్దున్నే కుర్చీలో తయారుగా ఉండేది.

"నా పేరు వేస్తారట్రా సినిమాలో?"

"చివర్లో వేయిస్తానమ్మా."

"చివర్లో ఎవరు చూస్తారు? అందరూ సీట్ల కింద చెప్పులు వెతుక్కుంటూ ఉంటారు."

కొత్తగా గీసిన సీను సారుకి చూపించాం. ఆడించి చూశారు, జేబులో చెయ్యి పెట్టారు, మళ్ళీ తీసేశారు. రబ్బరు బయటికి రాలేదు. మా వృత్తిలో సన్మానమంటే అదే. "ఇంకో రెండు చోట్ల లేవాలి ఈవిడ. సగం కొండలో ఒకసారి, రాక్షసుడి గుమ్మం ముందు ఒకసారి. పైకి వెళ్ళినకొద్దీ అలసట పెరగాలి. ఎక్కడ చూసి గీశావో అక్కడే చూసి గియ్యి" అన్నారు.

సగం కొండ సీను గీసేనాటికి వానలు ఊపందుకున్నాయి. బయటికి వెళ్ళే వీల్లేక అందరం ఇంట్లోనే. అన్నయ్య కుర్చీ వేసి, "సగం దూరం ఎక్కావు. కాళ్ళు లాగేస్తున్నాయి. రాయిమీద కాసేపు కూర్చున్నావు. ఇప్పుడు లే" అన్నాడు.

అమ్మ ఈసారి రెండు చేతులూ రెండు మోకాళ్ళ మీద పెట్టింది. ఒకసారి ముందుకి ఊగి, లేవలేనట్టు మళ్ళీ వెనక్కి పడింది. రెండోసారి ఊగి లేచింది. లేచాక వెంటనే అడుగు వెయ్యలేదు, నేల ఉందో లేదో చూసుకున్నట్టు నిలబడింది.

"అబ్బ" అన్నాడు అన్నయ్య మెల్లిగా. "ఆ వెనక్కి పడ్డం చూశావా? చెప్పకుండానే చేసింది."

నాకు మాత్రం పని పెరిగింది. మెల్లిగా లేచే మనిషికి మధ్య బొమ్మలు ఎక్కువ కావాలి. మొదటి సీనుకి గీసినవాటికి రెట్టింపు గీయాల్సొచ్చి మెడ పట్టేసింది. "అమ్మా, నువ్వు కాస్త చురుగ్గా లేస్తే నా పని చురుగ్గా తెములుతుంది" అన్నాను ఆ రోజు, విసుగ్గానే. అమ్మ నవ్వి, "చెప్పవే మీ అన్నయ్యకి, వయసులో ఉన్న పిల్లని చూసుకోమను" అంది. ఆ మాట నేను అనకుండా ఉండాల్సింది. వెయ్యి మాటలు అంటాం ఇంట్లో, ఒక్కటే ముల్లులా మిగులుతుంది.

వదిన ఒకటి రెండుసార్లు అడిగింది. "అత్తయ్యా, మీ చెప్పులు బిగుతవుతున్నట్టున్నాయి. కాళ్ళేమైనా వాచాయా?"

"వానకి తడిసి చెప్పులే ముడుచుకున్నాయమ్మా" అంది అమ్మ.

చెప్పులు తడవాలంటే మనిషి బయటికి వెళ్ళాలి. అమ్మ వీధిలోకి వెళ్ళి ఎన్నాళ్ళయిందో ఎవరం ఆలోచించలేదు. వదిన మర్నాడు వాటి పట్టీలు వదులు చేయించుకొచ్చింది, అంతటితో ఆ మాట ఆగిపోయింది.

రాక్షసుడి గుమ్మం సీను రోజు ముసురు పట్టి పట్టపగలే గదిలో దీపం వెయ్యాల్సొచ్చింది. అన్నయ్య ఏమీ చెప్పకముందే అమ్మ కుర్చీలో కూర్చుని ఉంది. చాలాసేపు కదల్లేదు. నోరు కొద్దిగా తెరుచుకుంది, భుజాలు పైకీ కిందికీ ఆడాయి. ఒక చెయ్యి గుండె దాకా వెళ్ళి, అక్కడ ఆగకుండా మోకాలి మీదికి దిగింది. ముందుకి ఊగింది, మళ్ళీ ఊగింది, మళ్ళీ. లేచేసరికి కళ్ళు మూసుకుని ఉంది. అలా తూలుతూ నిలబడి, కళ్ళు తెరిచి, ఫోను వైపు చూసి నవ్వింది.

అన్నయ్య ఫోను ఆపడం మర్చిపోయాడు. మేం ముగ్గురం చప్పట్లు కొట్టాం. అవును, కొట్టాం.

"ఇంత నటి మా ఇంట్లో ఉందని ఇన్నాళ్ళూ తెలీలేదమ్మా" అన్నాడు అన్నయ్య.

అమ్మ కాస్త ఊపిరి కూడదీసుకుని, "మీ నాన్న ఉంటే చెప్పేవారు" అంది.

కొనేవాళ్ళు వచ్చేరోజు అమ్మ కూడా వస్తానంది. రావాలి కదా మరి, హీరోయిన్ లేకుండా ఎలా అన్నాం. చెప్పుల దుకాణం దాకా ఆటోలో తీసుకొచ్చాం. పైకి మెట్లు. అమ్మ గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కుతూ, మలుపు దగ్గర ఆగి, మళ్ళీ ఎక్కింది. ముందు నేను గొడుగులు పట్టుకుని వెళ్తున్నాను. వెనక్కి తిరిగి చూస్తే, అన్నయ్య అమ్మకి రెండు మెట్లు కింద, తల వంచి, అమ్మ మడమ ఎక్కడ ఆనుతోందో, ఏ కాలిమీద బరువు పడుతోందో చూస్తూ ఎక్కుతున్నాడు. కొండ ఎక్కే సీను ఇంకా గీయలేదు మరి.

మూడో గదిలో తెల్లగోడ మీద బొమ్మ వేశారు. రంగుల్లేవు, మాటల్లేవు, ఉత్త పెన్సిలు గీతలు. వచ్చినవాళ్ళలో పెద్దాయన ఒకాయన ముందే చెప్పేశాడు, "చేత్తో గీస్తే మాత్రం జనం ఎక్కువ డబ్బిస్తారా సార్, మాకు కావలసింది నవ్వూ పాటా" అని. మొదటి సీను నడుస్తున్నంతసేపూ ఆయన ఫోను చూసుకుంటూనే ఉన్నాడు. రెండోదానికి తలెత్తాడు. మూడోదానికి ఫోను ఒళ్ళో పెట్టేసుకున్నాడు. అవ్వ మూడోసారి ఊగుతున్నప్పుడు గదిలో ఎవరో, "అయ్యో, పడిపోతుందేమో" అన్నారు. అవ్వ పడలేదు. లేచింది. దీపాలు వేశారు.

"ఈ సినిమా నేను తీసుకుంటాను" అన్నాడు ఆ పెద్దాయన.

సారు అన్నయ్యని అందరిముందూ కావలించుకున్నారు. అన్నయ్య కళ్ళు చెమర్చాయి. పెద్దాయన అమ్మ దగ్గరికొచ్చి, "మీరేనటగా అవ్వ. ఎలా ఉందమ్మా మీ బొమ్మ?" అని అడిగాడు.

అమ్మ ఇంకా ఆ ఖాళీ గోడవైపే చూస్తోంది. "బాగుంది బాబూ. కానీ ఆవిడకి బాగా ఆయాసంగా ఉంది. ఇంక కొండ ఎక్కించకండి, ఎక్కలేదు" అంది.

గదంతా గొల్లున నవ్వింది. పెద్దాయన, "చూశారా సార్, ఇదే రేపు హాల్లో ప్రతివాళ్ళూ అంటారు" అన్నాడు. నేనూ నవ్వాను. అన్నయ్య అందరికన్నా గట్టిగా నవ్వాడు. అమ్మ ఒక్కొక్కరి మొహమే చూసి, ఏమనుకుందో, తనూ నవ్వింది.

ఆ వారంలోనే ఒక పొద్దున అమ్మ మంచం మీంచి లేవలేకపోయింది. ఊగింది, పడింది, మళ్ళీ ఊగింది. తలుపు దగ్గర అన్నయ్య టీ గ్లాసుతో నిలబడి చూస్తున్నాడు. పాపం, అలవాటు. అమ్మే చివరికి, "ఒరేయ్, ఇది సీను కాదురా" అంది. గ్లాసు ఎక్కడ పడేశాడో తెలీదు. అమ్మని ఎత్తుకుని వీధిలోకి పరిగెత్తాడు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ చిన్న వయసావిడ. గుండె బాగా అలిసిపోయిందనీ, ఒంట్లో నీరు చేరిందనీ, ఇది నిన్నమొన్నటిది కాదనీ చెప్పింది. కాగితం మీద కలం పెట్టి, "ఎప్పట్నుంచి గమనించారు?" అని అడిగింది.

అన్నయ్య చెప్పడం మొదలుపెట్టాడు.

"వానలు మొదలైనప్పుడు ఒక్క చెయ్యే మోకాలిమీద పెట్టేదండీ. కుడిచెయ్యి. వానలు ముదిరాక రెండు చేతులూ. అప్పుడే ముందుకి ఊగడం మొదలైంది. మొదటిసారి లేవలేక వెనక్కి పడేది. లేచాక వెంటనే నడిచేది కాదు, కాసేపు ఆగేది. ఆ తరవాత లేవబోయే ముందే నోరు తెరిచి గాలి పీల్చుకునేది. భుజాలు ఎగిరేవి. చెయ్యి ఇక్కడిదాకా వచ్చి" అని తన గుండె మీద చెయ్యి పెట్టుకుని చూపించి, "ఇక్కడ ఆగకుండా కిందికి దిగేది. లేచేటప్పుడు కళ్ళు మూసుకునేది. మెట్లెక్కేటప్పుడు ఎడమకాలు ముందు వేసి, కుడికాలు దాని పక్కకి తెచ్చుకుని, అప్పుడు ఇంకో మెట్టు."

అప్పజెప్పినట్టు చెప్తున్నాడు. డాక్టరమ్మ రాయడం ఆపేసింది.

"ఇవన్నీ మీరు చూశారా?"

"గీశానండీ" అన్నాడు అన్నయ్య.

ఆవిడ కలం మూత పెట్టింది. లోపలికి వెళ్ళి అమ్మని చూడొచ్చు అంది. అన్నయ్య లేవలేదు. ఆ గోడవారగా ఉన్న బెంచీ మీద, రెండు చేతులూ రెండు మోకాళ్ళ మీద పెట్టుకుని అలాగే కూర్చున్నాడు. నేనొక్కదాన్నే వెళ్ళాను.

అమ్మకి ముక్కులో గొట్టం పెట్టారు. నన్ను చూడగానే, "నావల్ల సినిమా ఏం ఆగిపోలేదు కదే?" అంది.

"ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నాను. నాకు ఏడుపు కన్నా కోపమే ముందొచ్చింది. "ఒక్క ముక్క చెప్పి ఉంటే ఏం పోయింది?"

"చెప్తే మీ అన్నయ్య ఇంకో ముసలమ్మని చూసుకునేవాడు. బంగారంలాంటి వేషం, ఇంకోదానికి ఇస్తానా?"

నవ్వించాలనే అంది. నేను నవ్వలేదు. ఆ ఒక్కసారైనా అమ్మ జోకుకి నవ్వి ఉండాల్సింది.

వాన పూర్తిగా వెలిసిన రోజున అమ్మ పోయింది. నేను బయట వరండాలో మందుల చీటీ పట్టుకుని నిలబడి ఉన్నాను. పోయే ముందు అన్నయ్య చెయ్యి పట్టుకుని ఉందని వదిన చెప్పింది.

రబ్బరు సారు ఇంటికొచ్చి అన్నయ్య పక్కన చాలాసేపు కూర్చున్నారు. "మిగతా అవ్వని ఇంకెవరికైనా ఇస్తాను. నువ్వు రాక్షసుణ్ణి చేద్దువుగాని" అన్నారు. అన్నయ్య తల అడ్డంగా ఊపాడు. పదిరోజులు పోయాక వెళ్ళి వాలుబల్ల ముందు కూర్చుని, కొండ ఎక్కడం గీయడం మొదలుపెట్టాడు. ఫోనులో చూసుకోవలసిన అవసరం లేకపోయింది. ఎడమకాలు ముందు, కుడికాలు దాని పక్కకి.

నేను మధ్య బొమ్మలు నింపాను. రోజంతా అమ్మ పాదం, అమ్మ భుజం, అమ్మ తెరిచిన నోరు. ఒక్కో బొమ్మ గీస్తూ, ఇదిగో ఇక్కడ, ఈ కాగితం దగ్గర మనకి తెలిసి ఉండాల్సింది అనుకునేదాన్ని. తరవాతి కాగితం తీస్తే, పోనీ ఇక్కడైనా అనుకునేదాన్ని. పక్కబల్ల అమ్మాయి, "అక్కా, నీ చేతిలో అవ్వ భలే బతికొచ్చిందక్కా" అంది ఒకరోజు. దాని తప్పేం లేదు. నేను లేచి మెట్లు దిగి, చెప్పుల దుకాణం ముందు కాసేపు నిలబడి వచ్చాను. అన్నయ్య మీద నాకెప్పుడూ కోపం రాలేదు. మా పని మీద వచ్చింది. అంత దగ్గరగా చూడ్డం నేర్పింది, చూసి ఏం చెయ్యాలో నేర్పలేదు.

సినిమా వచ్చింది. అప్పటికి కూడా చేత్తో గీశారంటే నమ్మనివాళ్ళు నమ్మలేదు. బాగుందన్నవాళ్ళు అన్నారు, నిదానంగా ఉందన్నవాళ్ళు అన్నారు. పేపర్లో ఒకాయన మాత్రం, ఆ ముసలమ్మ లేచి నిలబడ్డం కోసమైనా ఒకసారి చూడాలి అని రాశాడు. అన్నయ్య ఆ పేపరు మడిచి పక్కన పెట్టాడు, చదివాడో లేదో తెలీదు. చూడ్డానికి కూడా రానన్నాడు. వదిన, "అత్తయ్య పేరు వేశారట చివర్లో, మనం కూడా చూడకపోతే ఎలా" అని బతిమాలితే బయల్దేరాడు.

మధ్యాహ్నం ఆట. హాలు సగానికి పైగానే నిండింది, ఎక్కువ పిల్లలే. రాక్షసుడు నిద్ర మూటగట్టేచోట నవ్వారు, వీరులు తూలుతూ తిరిగొచ్చేచోట ఇంకా నవ్వారు. అవ్వ ఇంటిముందు లేచి బయల్దేరింది. సగం కొండలో లేచింది. వదిన నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. అన్నయ్య నాకటు పక్కన, కదలకుండా, తెరవైపే చూస్తున్నాడు.

రాక్షసుడి గుమ్మం వచ్చింది. అవ్వ రాతిమీద కూర్చుని ఉంది. నోరు తెరిచి గాలి పీల్చుకుంది. చెయ్యి గుండె దాకా వెళ్ళి మోకాలి మీదికి దిగింది. ముందుకి ఊగింది. హాల్లో పిల్లలు గప్‌చుప్ అయిపోయారు. అవ్వ మళ్ళీ ఊగింది.

పక్కన సీటు చప్పుడైంది. చూస్తే అన్నయ్య లేచి నిలబడి ఉన్నాడు. కుడిచెయ్యి ముందు సీటు మీదుగా తెరవైపు చాపి ఉంది.

"కూర్చోండి సార్, కనపడట్లేదు" అన్నాడు వెనకాయన.

"అన్నయ్యా" అన్నాను.

అవ్వ తనంతట తను లేచేదాకా అలాగే నిలబడి ఉన్నాడు.